ఒడిశా సరిహద్దు జిల్లాల నుంచి లా చదివి లాయరు కావాలంటే: ఏది ముందు, ఏది తర్వాత

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం, జయపురం వైపు తెలుగిళ్ల పిల్లలు లా గురించి అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. జాతీయ ప్రవేశ పరీక్ష క్లాట్ రాయాలా, ఆంధ్రా పరీక్ష లాసెట్ రాయాలా? ఏ కాలేజీ మంచిది? ఒడియా అంతంత మాత్రంగా వస్తే నెగ్గుకొస్తామా? వీటికి విడివిడిగా జవాబులు వెతికితే తికమకే మిగులుతుంది. రేపు ఏ కోర్టులో నిలబడబోతున్నారో తేలితే భాష, ప్రవేశ పరీక్ష, కోటా, బార్ కౌన్సిల్ అన్నీ దాని వెంటే తేలిపోతాయి. అందుకే మొదటి మెట్టు కోర్టు, కాలేజీ ఆ తర్వాత.

1. ముందు కోర్టు తేల్చుకోండి

కింది కోర్టులు ఏ భాషలో నడవాలో రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో సెక్షన్ 137, క్రిమినల్ వైపు సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 307 చూడండి. హైకోర్టులో రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం ఇంగ్లీషు. మీ వరకు దాని లెక్క ఇదీ:

- పర్లాకిమిడి, బరంపురం, రాయగడ, జయపురం కోర్టులు: కక్షిదారు మీతో తెలుగులో మాట్లాడొచ్చు, సవరలో మాట్లాడొచ్చు. స్టేషన్ కాగితాలు, భూమి రికార్డులు, సాక్షుల వాంగ్మూలాలు చాలావరకు ఒడియాలోనే ఉంటాయి.
- ఇచ్ఛాపురం, సోంపేట, పలాస, టెక్కలి, పార్వతీపురం కోర్టులు: తెలుగు, ఇంగ్లీషు చాలు.
- కటక్‌లోని ఒరిస్సా హైకోర్టు: డ్రాఫ్టింగ్ అంతా ఇంగ్లీషు. అయినా కింది కోర్టు రికార్డు ఒడియాలో వస్తుంది, ఎవరో చదివి చెబితే వినే స్థితిలో ఉండకూడదు.
- కంపెనీలు, లా ఫర్మ్‌లు: ఇంగ్లీషు, చదివిన కాలేజీ పేరు.

ఒక చిన్న సంగతి, ఊరు మార్చుకునేవాళ్లకు పనికొస్తుంది. గంజాం జిల్లా కేంద్రం ఛత్రపురమైనా జిల్లా జడ్జి కోర్టు బరంపురంలో ఉంటుంది. కొరాపుట్ జిల్లాకి అది జయపురంలో ఉంటుంది. గది అద్దెకు తీసుకునే ముందు కోర్టు ఎక్కడుందో చూసుకోండి, కలెక్టరేట్ ఎక్కడుందో కాదు.

మా మాట అడిగితే, ఒడియా చదవడం వచ్చిన తెలుగు పిల్లలకు సరిహద్దు ఒడిశా కోర్టులే మేలు. ఇక్కడి కుటుంబాలకు గట్టుకి ఇటూ అటూ భూములు, పెళ్లి సంబంధాలు, అప్పుల తగాదాలు ఉంటాయి. ఒడిశా భూరికార్డు ఖతియాన్‌నీ అడంగల్‌నీ రెండింటినీ చదివి అర్థం చెప్పగలిగే లాయరుకి పని వెతుక్కోవాల్సిన అవసరం తక్కువ. ఒడియా అక్షరాలు అసలు రాకపోయి, నేర్చుకునే ఓపికా లేకపోతే శ్రీకాకుళం వైపు తిరగడమే నయం.

2. ఐదేళ్లా, మూడేళ్లా

ప్లస్ టూ లేదా ఇంటర్ అయ్యాక ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సు. డిగ్రీ అయ్యాక మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ. బార్ కౌన్సిల్ దృష్టిలో రెండూ సమానమే. పదిహేడేళ్లకే లా మీద గురి కుదిరితే ఐదేళ్లది ఒక ఏడాది ఆదా చేస్తుంది. ఇంకా తేలకపోతే డిగ్రీ చేసి మూడేళ్లది చేయండి. ఖర్చూ తక్కువ, మనసు మారినా చేతిలో డిగ్రీ ఉంటుంది.

రెండు చోట్ల జాగ్రత్త. పదో తరగతో ప్లస్ టూనో లేకుండా ఓపెన్ యూనివర్సిటీలో నేరుగా డిగ్రీ తెచ్చుకున్నవాళ్లకు బార్ కౌన్సిల్ 2008 నాటి నియమాల ప్రకారం లా అర్హత లేదు. వరుసగా చదువుకుని, దూరవిద్యలో డిగ్రీ చేసినవాళ్ల సంగతి వేరు. రెండోది, లా డిగ్రీని కరస్పాండెన్స్‌లో చేయడం కుదరదు. అలా ఇప్పిస్తామని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి రండి.

3. కాగితాలు: సరిహద్దులో అసలు తలనొప్పి ఇక్కడే

సీటు వచ్చాక పోయేది ఎక్కువగా మార్కుల వల్ల కాదు, కాగితాల వల్ల. ఈ పని ప్రవేశ పరీక్షకు ఆరు నెలల ముందే మొదలెట్టండి.

పేరు. ఆంధ్రా రికార్డుల్లో ఇంటిపేరు ముందు వస్తుంది, చాలాసార్లు పొడి అక్షరాల్లోనే. ఒడిశా రికార్డుల్లో ఇంటిపేరు చివర, పూర్తిగా ఉంటుంది. పదో తరగతి పలాసలో, ప్లస్ టూ పర్లాకిమిడిలో చదివితే ఒకే మనిషి రెండు పేర్లతో తేలతాడు. పదో తరగతి సర్టిఫికెట్‌ని ప్రామాణికంగా పెట్టుకుని ఆధార్‌ని దానికి సరిపెట్టండి, ప్లస్ టూలో తప్పుంటే బోర్డు దగ్గర దిద్దించండి. రెండు పేర్లూ ఒకరివే అన్న అఫిడవిట్ తాత్కాలికంగా గట్టెక్కిస్తుంది గాని, లాయరుగా పేరు నమోదు చేసుకునే రోజున అదే ప్రశ్న మళ్లీ ఎదురవుతుంది.

కులం. ఎస్సీ, ఎస్టీ హోదా రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. ఒక రాష్ట్రంలో ఉన్న హోదా మరో రాష్ట్రానికి వలస వెళ్లినంత మాత్రాన వెంట రాదని సుప్రీంకోర్టు 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో తేల్చింది. కాబట్టి ఒడిశా తహసీల్దారు ఇచ్చిన సర్టిఫికెట్ ఆంధ్రా కోటాకి పనిచేయదు. బీసీల విషయంలో ఇంకో మెలిక ఉంది. ఒడిశాలో రాష్ట్ర జాబితాని ఎస్‌ఈబీసీ అంటారు, కేంద్ర ఓబీసీ జాబితా వేరు. మీ కులం రెండింటిలోనూ ఉందో లేదో చూసి, దేనికి కావాలో దానికే సర్టిఫికెట్ తీసుకోండి. నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్‌కి గడువు ఉంటుంది, పాతది పట్టుకెళ్లకండి.

స్థానికత. ఇంటర్ రెండేళ్లు శ్రీకాకుళంలో చదివాం కాబట్టి అక్కడ లోకల్ అయిపోయాం అనుకుంటారు చాలామంది. అలా కాదు. ఆంధ్రాలో లోకల్ లెక్కకి అర్హత పరీక్షతో కలిపి వరుసగా నాలుగేళ్ల చదువు చూస్తారు. అంటే తొమ్మిదో తరగతి నుంచి అక్కడే ఉండాలి. లేకపోతే చివరి ఏడేళ్లలో ఎక్కువ కాలం అక్కడ ఉన్నట్టు చూపాలి. నాన్ లోకల్‌కి మిగిలేవి కొద్ది సీట్లు, వాటికీ షరతులు ఉంటాయి.

ఫైల్లో ఉండాల్సినవి:

- పదో తరగతి, ప్లస్ టూ మార్కుల జాబితాలు, అసలు కాపీలు
- తొమ్మిది నుంచి ప్లస్ టూ దాకా స్టడీ సర్టిఫికెట్లు, ప్రతి స్కూలు నుంచీ విడిగా
- టీసీ, కండక్ట్ సర్టిఫికెట్
- ఒడిశా ఈ-డిస్ట్రిక్ట్ ద్వారా తీసుకున్న రెసిడెన్స్, కుల, ఆదాయ సర్టిఫికెట్లు
- వేరే రాష్ట్రం బోర్డు నుంచి వస్తే మైగ్రేషన్ సర్టిఫికెట్
- అన్నీ స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు, ఫోన్లో ఒకటి, మెయిల్లో ఒకటి

స్కూళ్లు స్టడీ సర్టిఫికెట్లు వేసవి సెలవుల్లో ఇవ్వవు. ఏప్రిల్ లోపే తెచ్చుకోండి.

4. ప్రవేశ పరీక్షలు

*క్లాట్.* జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలకి. మనకు దగ్గరలో కటక్‌లోని నేషనల్ లా యూనివర్సిటీ ఒడిశా, విశాఖ దగ్గర సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య వర్సిటీ ఉన్నాయి. హైదరాబాద్ నల్సార్ కూడా క్లాట్ లోనే వస్తుంది. పరీక్ష ఇంగ్లీషులో మాత్రమే. ఇటీవలి ఏళ్లలో డిసెంబరు మొదట్లో జరుగుతోంది, దరఖాస్తులు జూలై, ఆగస్టుల్లోనే తెరుస్తున్నారు. ప్లస్ టూ ఆఖరి ఏడాదిలో ఉన్నవాళ్లూ రాయొచ్చు. ప్లస్ టూలో జనరల్‌, ఓబీసీలకు 45 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం ఉండాలి. వయోపరిమితి లేదు.

120 ప్రశ్నలు, 120 నిమిషాలు, తప్పు జవాబుకి పావు మార్కు కోత. ప్రశ్నలన్నీ పాసేజీల మీదే. పాసేజీకి అయిదు ప్రశ్నలు అనుకుంటే 24 పాసేజీలు, ఒక్కోదానికి అయిదు నిమిషాలు. 450 మాటల పాసేజీని రెండున్నర నిమిషాల్లో చదవగలిగితేనే మిగతా రెండున్నరలో జవాబులు పెట్టగలరు. ఒడియా, తెలుగు మీడియం పిల్లలు ఓడిపోయేది ఇక్కడే. తెలివి తక్కువై కాదు, చదివే వేగం చాలక. లీగల్ రీజనింగ్ పుస్తకాలు ఎన్ని కొన్నా ఈ లోటు తీరదు.

దీనికి మందు ఒకటే, రోజూ గడియారం పెట్టుకుని చదవడం. మొదటి మూడు నెలలు ఇంగ్లీషు దినపత్రిక సంపాదకీయం ఒకటి, ఆపకుండా, నిఘంటువు చూడకుండా చదివి, అందులో రచయిత ఏమంటున్నాడో రెండు వాక్యాల్లో తెలుగులో రాయండి. తెలియని మాటలు ఆ తర్వాతే చూడండి. తర్వాతి మూడు నెలలు రోజుకి నాలుగు పాసేజీలు, ఇరవై నిమిషాల్లో. ఆ తర్వాత వారానికి ఒక పూర్తి మాక్. ప్రతి మాక్ రాశాక తప్పుల్ని మూడు రకాలుగా విడగొట్టండి: పాసేజీ అర్థం కానివి, టైము చాలక గుడ్డిగా కొట్టినవి, రెండు ఆప్షన్ల మధ్య ఊగి తప్పినవి. మూడో రకం ఎక్కువుంటే ఇంగ్లీషు సరిపోయింది, తర్కం పదును పెట్టాలి. గణితం పదీ పద్నాలుగు ప్రశ్నలకు మించదు. శాతాలు, నిష్పత్తులు, సగటు చూసుకుంటే చాలు.

డబ్బు సంగతి కూడా ముందే. జనరల్ వాళ్లకు దరఖాస్తుకి 4,000 రూపాయలు అవుతోంది. అందరికీ తెలియనిది కౌన్సెలింగ్ నమోదు. జనరల్ వాళ్లకు 30,000, రిజర్వుడు వాళ్లకు 20,000 కట్టమంటున్నారు, గడువు రోజుల్లోనే ఉంటుంది. ర్యాంకు వచ్చీ ఆ వారం డబ్బు అందక సీటు వదులుకోవాల్సి రావచ్చు. ఆ మొత్తం పరీక్షకి ముందే బ్యాంకులో ఉండాలి. విద్యారుణం కావాలంటే విద్యాలక్ష్మి పోర్టల్లో చూడండి. క్రెడిట్ గ్యారంటీ పథకం కింద ఏడున్నర లక్షల దాకా తాకట్టు లేకుండా ఇచ్చే వీలుంది.

*లాసెట్.* ఆంధ్రా కాలేజీలకి. తెలుగులోనూ రాయొచ్చు. 120 ప్రశ్నలు, 90 నిమిషాలు, నెగటివ్ మార్కులు లేవు. జీకే, మానసిక సామర్థ్యం 30, వర్తమాన వ్యవహారాలు 30, లా ఆప్టిట్యూడ్ 60. అర్హతకి 42 మార్కులు కావాలి, ఎస్సీ, ఎస్టీలకు ఆ కనీసం లేదు. నెగటివ్ లేదు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకండి. లా ఆప్టిట్యూడ్‌లో రాజ్యాంగం బరువెక్కువ. ప్రాథమిక హక్కులు, ఆదేశిక సూత్రాలు, రిట్లు, పార్లమెంటు అధికారాలు నాలుగూ గట్టిగా చదివితే సగం గండం గడిచినట్టే.

*ఒడిశా కాలేజీలు.* బరంపురంలో లింగరాజ్ లా కాలేజీ, జయపురంలో జైపూర్ లా కాలేజీ ఉన్నాయి. ప్రవేశ విధానం ఏటా నోటిఫికేషన్‌ని బట్టి ఉంటుంది, కాలేజీ ఆఫీసుకి స్వయంగా వెళ్లి కనుక్కోండి.

5. కాలేజీ ఎంచుకునేటప్పుడు

చూడాల్సినవి నాలుగే:

- బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అనుమతి ఏ సంవత్సరం దాకా ఉంది. అనుమతి శాశ్వతం కాదు, పొడిగించుకోవాలి. బోర్డు మీద రాసిన మాట కాదు, ఉత్తర్వు కాపీ అడగండి.
- తరగతులు నిజంగా జరుగుతాయా. ఒక మామూలు బుధవారం పదకొండు గంటలకి వెళ్లి చూస్తే తెలిసిపోతుంది.
- లైబ్రరీలో కొత్త క్రిమినల్ చట్టాల పుస్తకాలు వచ్చాయా.
- నడిచి వెళ్లేంత దూరంలో కోర్టు ఉందా.

హాజరు 70 శాతం ఉండాలి. ఉద్యోగం చేసుకుంటూ పరీక్షలకు మాత్రం వెళ్లొచ్చని చెప్పే కాలేజీలకు దూరంగా ఉండండి. లా చదువుతూ అదే కాలంలో ఇంకో రెగ్యులర్ డిగ్రీ చేయడం కూడా కుదరదు.

6. చదివే పద్ధతి

గైడ్లు పరీక్ష గట్టెక్కిస్తాయి, కోర్టులో ముంచుతాయి. మొదటి రోజు నుంచే బేర్ యాక్ట్, అంటే వ్యాఖ్యానం లేని చట్టం పాఠం, పట్టుకోండి. చట్టాలన్నీ ఇండియా కోడ్ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. అయినా ముఖ్యమైన ఆరేడు అచ్చు ప్రతులు కొనుక్కోండి. తెర మీద చదివింది చేత్తో గీత గీసినంతగా మనసులో నిలవదు.

*6.1 సెక్షన్ ఎలా చదవాలి.* నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఎవరికి వర్తిస్తుంది? ఏ పరిస్థితిలో? ఫలితం ఏమిటి? మినహాయింపు ఏమిటి? నాలుగోదాన్నే అందరూ దాటేస్తారు. ఐపీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్ సెక్షన్ 303(2) తీసుకోండి. దొంగతనానికి మూడేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. రెండోసారి దోషిగా తేలితే ఏడాదికి తగ్గకుండా అయిదేళ్ల దాకా కఠిన శిక్ష. ఇక్కడితో పుస్తకం మూసేస్తే తప్పు. కింద ప్రొవైజో, అంటే మినహాయింపు వాక్యం, ఉంది: సొత్తు విలువ 5,000 రూపాయల లోపైతే, మొదటిసారి దోషి అయితే, సొత్తో దాని విలువో తిరిగిస్తే, శిక్ష సామాజిక సేవ. సంతలో కోడిపుంజు దొంగతనం కేసులో కక్షిదారుకి కావాల్సింది ఆ చివరి వాక్యమే.

రోజుకి పది సెక్షన్లు చాలు. పైకి చదవండి. "మరియు" ఉన్న చోట, "లేదా" ఉన్న చోట పెన్సిలుతో గుండ్రం చుట్టండి. అన్ని షరతులూ కలవాలా, ఏదో ఒకటి చాలా అన్నది ఆ రెండు మాటలే చెబుతాయి.

*6.2 పాతా కొత్తా రెండూ.* 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో బీఎన్‌ఎస్, సీఆర్‌పీసీ స్థానంలో బీఎన్‌ఎస్‌ఎస్, ఎవిడెన్స్ యాక్ట్ స్థానంలో బీఎస్‌ఏ వచ్చాయి. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు ఐపీసీయే వర్తిస్తుంది, ఆ కేసులు ఇంకా ఏళ్ల తరబడి నడుస్తాయి. అందుకని ఒక నోటుబుక్కులో జతలు రాసుకోండి. మొదలుపెట్టడానికి కొన్ని:

- హత్య: 302 పాతది, 103 కొత్తది
- మోసం: 420, ఇప్పుడు 318(4)
- భర్త, అత్తింటివారి క్రూరత్వం: 498ఏ, ఇప్పుడు 85, 86
- ఎఫ్‌ఐఆర్: సీఆర్‌పీసీ 154, బీఎన్‌ఎస్‌ఎస్ 173
- భరణం: 125, ఇప్పుడు 144
- ముందస్తు బెయిల్: 438, ఇప్పుడు 482
- ఎలక్ట్రానిక్ సాక్ష్యం: 65బీ, ఇప్పుడు బీఎస్‌ఏ 63

*6.3 తీర్పు ఎలా కుదించాలి.* ఒక పేజీ దాటకూడదు. మీకు నేరుగా సంబంధించిన తీర్పుతోనే సాధన చేయండి: గౌరవ్ కుమార్ వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా, 2024 జూలై 30.

వాస్తవాలు: లాయర్ల నమోదుకి రాష్ట్ర బార్ కౌన్సిళ్లు వేల రూపాయలు వసూలు చేస్తున్నాయి. పిటిషన్లో చూపిన లెక్క ప్రకారం ఒడిశాలో అది 42,100. 
ప్రశ్న: అడ్వకేట్స్ యాక్ట్ సెక్షన్ 24(1)(ఎఫ్) చెప్పిన దానికి మించి వసూలు చేయవచ్చా? 
తీర్పు: కుదరదు. 
కారణం: చట్టం ఫీజు నిర్ణయించాక కౌన్సిల్ దాన్ని పెంచలేదు, అలా పెంచడం పేదవాళ్లని వృత్తికి దూరం చేస్తుంది, 14, 19(1)(జీ) అధికరణాలకు విరుద్ధం. 
పరిధి: తీర్పు ముందుకాలానికే, అంతకు ముందు కట్టింది వాపసు రాదు.

ఆ చివరి గీత రాయడం మరవకండి. తీర్పు ఎప్పటి నుంచి, ఎవరికి అన్నది వదిలేస్తే కక్షిదారుకి తప్పు సలహా ఇచ్చినట్టే.

సుప్రీంకోర్టు తీర్పులు దాని పోర్టల్ ఈ-ఎస్‌సీఆర్‌లో ఉచితంగా దొరుకుతాయి, కొన్నింటికి తెలుగు, ఒడియా అనువాదాలు కూడా ఉన్నాయి. అనువాదం అర్థం కోసం చదవండి, ఉటంకించేటప్పుడు ఇంగ్లీషు మూలాన్నే తీసుకోండి.

*6.4 జవాబు రాయడం.* సమస్య, దానికి వర్తించే చట్టం, ఈ వాస్తవాలకి అన్వయం, ముగింపు. మార్కులు మూడోదానికే వస్తాయి, విద్యార్థులు రెండోదాంతో పేజీ నింపేస్తారు.

మన ప్రాంతం ఉదాహరణే తీసుకోండి. రాయగడ జిల్లాలో ఒక ఆదివాసీ రైతు తన పొలాన్ని గిరిజనేతరుడికి తెల్లకాగితం మీద అమ్మాడు. గట్టుకి అవతల పార్వతీపురం ఏజెన్సీలో ఒక గిరిజనేతరుడు తన పొలాన్ని ఇంకో గిరిజనేతరుడికి అమ్మాడు. రెండూ చెల్లుతాయా? ఒడిశాలో 1956 నాటి రెగ్యులేషన్ 2 చూస్తుంది, అది అమ్మినవాడు ఎస్టీనా కాదా అన్నదాని మీద నడుస్తుంది. ఎస్టీ భూమి ఎస్టీ కానివాడికి పోతే చెల్లదు, తిరిగి ఇప్పించే అధికారం రెవెన్యూ అధికారులకు ఉంది. ఆంధ్రాలో 1959 నాటి రెగ్యులేషన్ 1, దాన్ని 1970లో సవరించారు. అక్కడ అమ్మినవాడు ఎవరైనా సరే, షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుడికి బదిలీ కాకూడదు. పైకి ఒకేలా కనిపించే రెండు అమ్మకాలకి కారణాలు వేరు. జవాబులో ఆ తేడాని వాస్తవాలకి అతికించి చూపినవాడికే మార్కులు. జిల్లా మొత్తం షెడ్యూల్డ్ ప్రాంతమా కాదా అన్నది కూడా రాయండి. రాయగడ జిల్లా మొత్తం షెడ్యూల్డే, గజపతిలో కొంత భాగమే.

7. మూడు భాషల సాధన

ఒడియా చదవడానికి రోజుకి అరగంట పెట్టండి. కథల పుస్తకాలు కాదు, ఒడియా దినపత్రికలో నేరవార్తలు, ఇంట్లో ఉన్న పట్టా, భూలేఖ్ వెబ్‌సైటులో మీ ఊరి ఖతియాన్. ఖాతా నంబరు, ప్లాట్ నంబరు, మౌజా (ఊరు), కిసమ్ (భూమి రకం) ఎక్కడున్నాయో వేలు పెట్టి చూపగలగాలి. ఎఫ్‌ఐఆర్‌ని ఎతలా అని, బెయిల్‌ని జామిన్ అని అంటారు. ఇలాంటివి కోర్టు వరండాలో మొహరిర్ల (లాయరు గుమస్తాల) దగ్గర వారం కూర్చుంటే చెవిన పడతాయి.

చేతిరాత ఒడియా వేరే చదువు. పోలీసు డైరీలు, పాత దస్తావేజులు గొలుసుకట్టుగా ఉంటాయి. దస్తావేజు రాసే ఆయన ఎవరైనా తెలిసుంటే పాత కాగితాలు పది అడిగి తెచ్చుకుని, అచ్చు ఒడియాలోకి ఎత్తిరాయండి.

ఇంగ్లీషు డ్రాఫ్టింగ్‌కి వారానికి ఒకటి: లీగల్ నోటీసు, బెయిల్ అప్లికేషన్, దావా, జవాబు దావా, ఇంజంక్షన్ పిటిషన్. ఒక పేరాలో ఒక్క వాస్తవమే, తేదీతో సహా.

8. ఇంటర్న్‌షిప్

మూడేళ్ల కోర్సుకి కనీసం 12 వారాలు, ఐదేళ్ల కోర్సుకి 20 వారాలు. ఏ ఏడాదైనా ఏకధాటిగా నాలుగు వారాలు మించకూడదు. చివరి ఏడాదికి అన్నీ వాయిదా వేసుకుంటే లెక్క తప్పుతుంది.

వరస ఇలా పెట్టుకోండి: మొదటిది జిల్లా న్యాయసేవాధికార సంస్థ, రెండోది మీ ఊరి ట్రయల్ కోర్టు లాయరు, మూడోది కటక్‌లోనో అమరావతిలోనో హైకోర్టు లాయరు. పెద్ద ఊళ్లో పెద్ద పేరు కోసం మొదటి ఏడాదే పరిగెత్తితే ఫోటోకాపీలు తీయడంతోనే నెల గడిచిపోతుంది.

రోజూ డైరీలో రాయాల్సినవి: కేసు నంబరు, ఏ దశలో ఉంది, క్రాస్ ఎగ్జామినేషన్లో అడిగిన ఒక మంచి ప్రశ్న, జడ్జి ఆర్డర్ షీటులో రాయించింది, తర్వాతి వాయిదా, మీకు అర్థం కానిది ఒకటి. సాయంత్రం ఈకోర్ట్స్ యాప్‌లో 16 అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు కొట్టి ఆర్డర్ సరిచూసుకోండి. కక్షిదారుల పేర్లు, రహస్యాలు మాత్రం ఎక్కడా పంచకండి, వాట్సాప్ స్టేటస్‌లో అసలే వద్దు.

9. నమోదు, ఏఐబీఈ

ఎక్కడ ఎక్కువగా ప్రాక్టీస్ చేస్తారో ఆ రాష్ట్ర బార్ కౌన్సిల్లో నమోదు. ఒకేసారి రెండు రాష్ట్రాల జాబితాల్లో ఉండడం చట్టవిరుద్ధం. ఒక చోట నమోదైతే దేశంలో ఎక్కడైనా వాదించే హక్కు అడ్వకేట్స్ యాక్ట్ సెక్షన్ 30 ఇస్తుంది. కాబట్టి ఒడిశాలో నమోదైన పర్లాకిమిడి లాయరు పాతపట్నం కోర్టుకి వెళ్లలేడని ఎవరైనా అంటే నమ్మకండి.

చట్టం ప్రకారం నమోదు ఫీజు జనరల్‌కి 750, ఎస్సీ, ఎస్టీలకు 125, స్టాంపు డ్యూటీ అదనం. పైన చెప్పిన తీర్పు కాపీ ఒకటి ఫైల్లో ఉంచుకోండి. అంతకు మించి ఏ పేరుతో అడిగినా రాతపూర్వక రసీదు కోరండి.

ఆ తర్వాత ఆలిండియా బార్ పరీక్ష (ఏఐబీఈ). నమోదయ్యాక రెండేళ్ల లోపు గట్టెక్కాలి. 100 ప్రశ్నలు, నెగటివ్ లేదు. జనరల్, ఓబీసీలకు 45 శాతం, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 40 శాతం చాలు. బేర్ యాక్ట్‌లు లోపలికి తీసుకెళ్లొచ్చు, కాని వ్యాఖ్యానాలు, చేత్తో రాసిన నోట్సు ఉండకూడదు. అందుకే చదువు కోసం గీతలు గీసిన ప్రతులు ఒకటి, పరీక్షకి శుభ్రమైన ప్రతులు ఇంకొకటి.

పూర్తికాలం జీతం ఉద్యోగంలో ఉండగా ప్రాక్టీస్ కుదరదు. స్కూల్లో టీచరుగా చేస్తూ సనదు (లాయరు లైసెన్సు) తెచ్చుకుందామనుకునేవాళ్లు ఇక్కడ ఆగాలి.

10. మొదటి మూడేళ్లు

సీనియర్ని ఎంచుకునేటప్పుడు ఆయన పేరు కన్నా జూనియర్లకి ఏం పని ఇస్తారో చూడండి. సొంతంగా వాయిదా అడగనిస్తారా, చిన్న సాక్షిని క్రాస్ చేయనిస్తారా, డ్రాఫ్టు దిద్ది చూపిస్తారా. జూనియర్లకు నెలకి పట్టణాల్లో 20,000, పల్లెల్లో 15,000 ఇమ్మని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024లో సూచించింది. అది సూచనే గాని ఆదేశం కాదు. జిల్లా కోర్టుల్లో మొదటి ఏడాది ప్రయాణ ఖర్చులొస్తే గొప్పే. కనీసం ఏడాది ఇంటి నుంచి ఆసరా ఉంటుందా అన్న మాట చేరే ముందే ఇంట్లో తేల్చుకోండి.

న్యాయసేవాధికార సంస్థల లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ విధానంలో అసిస్టెంట్ స్థాయికి సున్నా నుంచి మూడేళ్ల అనుభవం ఉన్నవాళ్లని తీసుకుంటారు. క్రిమినల్ పని నేర్చుకోవడానికి జిల్లాలో ఇంతకన్నా మంచి దారి లేదు.

జడ్జి కావాలనుకుంటే 2025 మే 20న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తెలిసుండాలి. సివిల్ జడ్జి జూనియర్ డివిజన్‌కి మూడేళ్ల ప్రాక్టీస్ మళ్లీ తప్పనిసరి చేసింది. తాత్కాలిక నమోదు తేదీ నుంచే లెక్క. ఆ కోర్టు ముఖ్య న్యాయాధికారి ఇచ్చిన సర్టిఫికెట్, లేదా కనీసం పదేళ్ల అనుభవం ఉన్న లాయరు ఇచ్చి జిల్లా ముఖ్య న్యాయాధికారి ధ్రువీకరించిన సర్టిఫికెట్ కావాలి. ఒడిశా జ్యుడీషియల్ సర్వీసుకైతే ఒడియా చదవడం, రాయడం, మాట్లాడడం కూడా అర్హతే. స్కూల్లో ఒడియా ఒక సబ్జెక్టుగా చదవని తెలుగు మీడియం పిల్లలు దానికి సరిపడే పరీక్ష ముందుగానే రాసి పెట్టుకోవాలి.

ఆ సర్టిఫికెట్ అడిగేనాటికి చేతిలో రుజువులు ఉండాలి. వకాల్తా వేసిన ప్రతి కేసుకీ ఒక వరస: తేదీ, కోర్టు, సీఎన్‌ఆర్ నంబరు, ఏ పక్షం, హాజరు నమోదైన ఆర్డర్ షీటు తేదీ. సీనియర్ పేరు మీద ఉన్న వకాల్తాలో మీ పేరు కూడా చేర్పించుకోండి. అది లేకుండా కోర్టులో మూడేళ్లు నిలబడినా కాగితం మీద ఒక్క రోజూ కనపడదు.